పురుగు కోసం పుదుచ్చేరికి

పుదుచ్చేరి వెళ్ళొచ్చానని చెబితే చాలు, సముద్రం ఎలా ఉందని అడుగుతారు. బాగానే ఉంది. ఒడ్డున రాళ్ళ దగ్గర కాసేపు నిలబడ్డాను, చీర కుచ్చిళ్ళు తడిశాయి, వచ్చేశాను. నేను అంతదూరం పోయింది సముద్రం కోసం కాదు, ఒక పురుగు కోసం.

మాది గూడూరు దగ్గర పల్లె. పాడి మీద బతుకు. ఇంటి వెనక మేత బీడు ఉంది. పొద్దున విప్పితే ఆవులు మధ్యాహ్నం దాకా అక్కడే మేస్తాయి. ఆ ఏడు తొలకరి పడ్డాక గడ్డి మధ్యలో అరచేతి వెడల్పున మచ్చలు కనిపించాయి. అరచేయి చేటయింది, చేట చాపయింది. పగలు ఎంత వెతికినా ఒక్క పురుగు కనిపించదు. మట్టి పెళ్ళగిస్తే మాత్రం చిటికెన వేలంత మట్టిరంగు పురుగు ఉంటుంది, తాకగానే చుట్ట చుట్టుకుంటుంది. చీకటి పడ్డాక పైకొచ్చి గడ్డిని మొదలంటా కొరుకుతుంది, తెల్లారేసరికి మళ్ళీ మట్టిలోకి దిగిపోతుంది. దీపం చుట్టూ తిరిగే బూడిదరంగు రెక్కల పురుగు ఉంటుందే, దాని పిల్లట ఇది. మేం దీన్ని నేలపురుగు అంటాం. కోపం వస్తే ఇంకా చాలా అంటాం, అవన్నీ ఇక్కడ రాయలేను.

మా ఆయన గుళికల మందు తెచ్చి వసారాలో పెట్టాడు. అది చల్లితే పురుగు చస్తుంది, కాదనను. కానీ చల్లిన బీడులోకి వారాల తరబడి ఆవుల్ని వదలకూడదు. ఎండుగడ్డి వామి అప్పటికే అడుగంటింది. పైగా కిందటేడు పక్క ఊళ్ళో మందు పడ్డ గట్టున మేసిన దూడ నురగలు కక్కి పోవడం నేను కళ్ళారా చూశాను. పురుగు పోవాలి, ఆవులు మేయాలి, నాకు రెండూ కావాలి. రెండూ కావాలంటే కుదిరేది కాదని ఆయన.

అప్పుడు రంగనాయకి అత్త గుర్తొచ్చింది. మా అమ్మ మేనత్తను పుదుచ్చేరి రెడ్ల ఇంటికిచ్చారు. ఆమె కూతురే ఈ అత్త. వాళ్ళు అక్కడికి ఎన్ని తరాల కిందట పోయారో వాళ్ళకే లెక్క లేదు. ఒక పెళ్ళిలో కలిసినప్పుడు, తమ బీడులోనూ ఈ పురుగు పడుతుందని, మందు లేకుండానే వదిలించుకుంటామని చెప్పింది. ఫోన్ చేస్తే, ఈ ఏడు కూడా పడిందమ్మా, వచ్చి చూసిపో అంది. మా ఆయన శుక్రవారం దాకా మందు జోలికి పోనని మాటిచ్చాడు. శనివారం నుంచి మాత్రం తన ఇష్టమన్నాడు. నేను బుధవారమే బయల్దేరాను.

మద్రాసు దాటాక

నాకు కుదురు తక్కువని మా అమ్మ చిన్నప్పటి నుంచీ అంటూ ఉండేది. ఆ బస్సులో కూర్చుంటే ఆమె మాట ఎంత నిజమో తెలిసింది. డ్రైవరు టీకి ఆపితే నాకు ఒళ్ళు మండింది. దిగిన మగవాళ్ళు బీడీ కాల్చి, నోరు కడుక్కుని, ఒకరి తర్వాత ఒకరు ఎక్కుతుంటే నా కళ్ళకు బీడులో మచ్చలు పెరుగుతూ కనిపించాయి.

నేను ఫోన్లో మా ఆయన్ని సతాయించడం విని పక్క సీటావిడ నా వైపు తిరిగింది. పుదుచ్చేరిలోనే ఇందిరా నగర్‌లో ఉంటుందట, మిల్లులో పని. తాతల నాటి నుంచీ అక్కడే ఉన్నా ఇంట్లో తెలుగే మాట్లాడతారట. నా చేతిలో మురుకులు పెట్టి, ఏం పని మీద పోతున్నావని అడిగింది. చెప్పాను.

“పురుగును చూడను టిక్కెట్టు పెట్టుకొని వస్తా ఉండావా? మా ఇంటికి రామ్మా, బియ్యంలో సుమ్మానే చూపిస్తా,” అంది. సుమ్మా అంటే ఊరికే, పైసా లేకుండా.

బస్సులో సగం మందికి తెలుగు వచ్చినట్టుంది, అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఆవిడే ఇంకో మాట కూడా చెప్పింది. ఈ శుక్రవారం వీరాంపట్టినంలో తేరు, అంటే రథం లాగే పండగ, ఆ రోజు ఈ చుట్టుపక్కల ఎవరితోనూ ఏ పనీ కాదంది. నేను ఆ మాటను పట్టించుకోలేదు. మనకు తేరుతో ఏం పని అనుకున్నాను.

కదిర్కామం

అత్త వాళ్ళిల్లు పుదుచ్చేరిలో కలిసిపోయిన కదిర్కామంలో, పెద్దాసుపత్రి కాలేజీకి అవతలి వీధిలో. వాకిట్లో ఒక పక్క మోటారు సైకిళ్ళు, ఒక పక్క ఆవులు. చదువుకునే డాక్టరు పిల్లలు తెల్లకోట్లు భుజాన వేసుకుని ఆ ఆవుల్ని తప్పుకుంటూ పోతుంటారు. గుమ్మం మీద మామ పేరు అరవంలో ఉంది, ముందు పొడి అక్షరం, తర్వాత దశరథన్. అక్కడ అందరి పేర్లూ అంతే. ఇంటి పేరేమిటని అడిగితే మామ కాసేపు ఆలోచించాడు.

బీడు చూద్దామన్నాను. ముందు సాపాటు అన్నారు. చూసొచ్చి తింటానన్నాను. ఆకు వేసేశారు. మా వైపు మొదటి ముద్ద పచ్చడితోనో పప్పుతోనో మొదలవుతుంది. వీళ్ళు నేరుగా సాంబారులోకి దిగుతారు. నేను తీసుకుపోయిన గోంగూర పచ్చడి అత్త వేలితో నాకి, కళ్ళు తుడుచుకుని, సీసా మూత బిగించింది. అంత కారం తినే నీకు కోపం ఎట్ట రాకుండా ఉంటుందమ్మా అంది. వడ్డించిన చేపల పులుసు మాత్రం మా నెల్లూరు పులుసుకు ఏ మాత్రం తీసిపోదు. ఆత్రంలో దాని రుచి సగమే తెలిసింది, ఇప్పుడు తలుచుకుంటే ఉసూరుమనిపిస్తుంది.

మంచినీళ్ళు తెచ్చిన ఇత్తడి చెంబు మీద తెలుగులో ‘వెంకమ్మ’ అని చెక్కి ఉంది. నేను పైకి చదివాను. ఇంట్లో అందరూ ఆగిపోయారు. తెలుగు మాట్లాడతారే గాని అక్షరం రాదు వాళ్ళకు. ఆ గీతలు ఏదో పువ్వుల పని అనుకున్నారట ఇన్నాళ్ళూ. వెంకమ్మంటే అత్త నాయనమ్మ. అత్త ఆ చెంబును చాలాసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నాకు ఆమె మీద ప్రేమ పుట్టుకొచ్చింది, అయినా నా కాళ్ళు వాకిలి వైపే లాగాయి.

గట్టు మీద

పొద్దు వాలుతుండగా బీడు చూపించారు. చుట్టూ మేడలు లేచాయి, మధ్యలో అదొక్కటి మిగిలింది. చుట్టూ గట్లు, లోపల చిన్న చిన్న మడులు, ఒక మూల మోటారు. మడుల్లో మా బీడులో లాంటి బట్టతల మచ్చలే. పరాయి ఊళ్ళో మన ఊరి మనిషిని చూసినట్టు ఆ మచ్చల్ని చూసి నాకు ధైర్యం వచ్చింది.

మామ పద్ధతి చెప్పాడు. చీకటితో మోటారు వేసి మడి నిండా నీళ్ళు పెడతారు. పురుగు ఊపిరాడక పైకొస్తుంది. అప్పుడు బాతుల్ని వదులుతారు. అంతే. ఇంతేనా అన్నాను. ఇంతే అన్నాడు. అయితే రేపే చేద్దామన్నాను.

“రేపు కాదమ్మా. శనివారం. బాతుల మునుసామి రేపటి నుంచే తేరు పనికి పోతాడు. ఆయప్ప రాకుండా బాతులు యాడ వస్తాయి? కొంచం పొరుమ్మా,” అన్నాడు.

పొరు అంటే ఓర్చుకోమని. ఆ రెండు రోజుల్లో ఆ మాట నేను విన్నన్ని సార్లు జన్మలో వినలేదు. బాతుల్ని నేను తోలుకొస్తానన్నాను. కాకులు చాలవా అన్నాను. మోటారు నేను వేస్తానన్నాను. మామ ప్రతిదానికీ నవ్వి, నా భుజం తట్టి, సోడా తాగుతావా అని అడిగాడు.

గురువారం నేను అత్త ఇంట్లో కూర్చోలేక ఆ వీధులన్నీ కొలిచాను. బజారులో చేపలు మాకంటే చవక, కూరగాయలు మాకంటే పిరం. సందు సందుకూ సారాయి బాటిళ్ళ కొట్లు, వాటి ముందు పొరుగూళ్ళ నుంచి సంచులతో వచ్చినవాళ్ళు. మా ఆయనకు ఫోన్ చేస్తే, మచ్చ దూడల్ని కట్టే రాతిగుంజ దాకా వచ్చిందన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, భయం ఉంది. ఆయన భయపడితే నాకు ఇంకా భయం. సాయంత్రం బస్సెక్కి పోదామా అని సంచి కూడా సర్దాను. కానీ పోయి ఏం చెప్పను? బాతులు తింటాయట అంటే, నువ్వు చూశావా అని అడుగుతాడు. చూడంది నమ్మే మనిషి కాదు ఆయన. సంచి మళ్ళీ విప్పాను.

వీరాంపట్టినం

శుక్రవారం అత్త నన్ను లాక్కుపోయింది. ఊరంతా ఉప్పు గాలి, మల్లెపూలు, ఎండుచేపల వాసన. పడవలన్నీ ఒడ్డుకెక్కి ఉన్నాయి, ఒక్కటీ నీళ్ళలో లేదు. ఇంటింటి ముందు అండాల్లో కూళు. మన రాగి అంబలే అది, ఎవరొచ్చినా పోస్తారు. మా ఊళ్ళో జాతరకు పొంగలి పెడతాం, ముందు అమ్మవారికి, తర్వాత చుట్టాలకు, ఆ తర్వాతే దారిన పోయేవాళ్ళకు. ఇక్కడ దారిన పోయేవాళ్ళకే ముందు. నంజుకోను ఎండుచేప ముక్క పెట్టి, ఎవరింటిదానివని అడగకుండానే రెండోసారి పోశారు. నిలబడే తాగాను. కడుపు చల్లబడింది, మనసు చల్లబడలేదు.

తేరు కదిలే ముందు జనంలోంచి అత్త ఒకాయన్ని పిలిచింది. అరచేతులు కాయలు కాసిన పొట్టి మనిషి, నుదుటి నిండా విభూతి. ఈయనే మునుసామి అంది. నాకు ఎదురుగా దొరికాడు, ఇంక ఆగుతానా. అన్నా, నీ బాతులు ఇవాళంతా ఖాళీగానే ఉన్నాయి కదా, పొద్దున్నే వదిలి వచ్చి ఉంటే ఏం పోయేది అని నిలదీశాను. ఆయనా ఇంట్లో తెలుగు మనిషే. కోపగించుకోలేదు.

“ఈ దినం నాకు పస్తు. నేను తినకుండా ఉంటే అవి తినొచ్చునా? నిన్న పొద్దుగూకినప్పుడు తడికెలో పెట్టినాను. రేపు తెల్లారి తెరస్తాను, నువ్వే చూడు,” అన్నాడు.

ఆయన పోయాక అత్త విడమరిచి చెప్పింది. మునుసామి తాత నాటి నుంచీ అదే మొక్కు. తేరు నాడు మనిషికీ పస్తే, బాతుకూ పస్తే, నీళ్ళు మాత్రం పెడతారు. మామూలు రోజున చెరువులోంచి వచ్చిన బాతు కడుపు నిండి ఉంటుంది, మడిలో అటూ ఇటూ ఈదులాడి పోతుంది. తేరు మరునాటి బాతు అలా కాదు. అందుకే చుట్టుపక్కల బీళ్ళున్నవాళ్ళంతా ఆ ఒక్క పొద్దు కోసం కాచుకుంటారట. ఈ ముక్క బుధవారమే చెప్పి ఉంటే నేను కొంత నెమ్మదిగా ఉండేదాన్ని కదా అన్నాను. మేం చెబుతానే ఉంటిమి, నువ్వు కూర్చుంటే కదా వినేది అంది అత్త.

తేరు తాడు నేనూ పట్టుకున్నాను. ఏం మొక్కుకున్నానో చెప్పక్కర్లేదు. తర్వాత డప్పుల హోరులో ఒక గోడ పక్కన నక్కి మా ఆయనకు ఫోన్ చేశాను. ఇంకొక్క రోజు ఆగమన్నాను. వినపడలేదన్నాడు. గొంతు చించుకుని మళ్ళీ చెప్పాను.

“చూస్తాలే,” అన్నాడు. లైను తెగిపోయింది.

ఆయన చూస్తాలే అంటే ఏమిటో కాపురం మొదలైనప్పటి నుంచీ నాకు తెలీదు.

శనివారం తెల్లారి

మేం పోయేసరికి మామ మోటారు వేసేశాడు. గట్టు మీద నిలబడ్డాను. నీళ్ళు గడ్డి మొదళ్ళలోకి మెల్లగా పాకుతున్నాయి. మొదట ఏమీ లేదు. చిన్న చిన్న బుడగలు మాత్రం వచ్చాయి. తర్వాత గడ్డిపోచల మీదికి ఒకటి పాకింది, దాని పక్కన ఇంకొకటి. వెలుగొచ్చేసరికి పోచ పోచకీ పురుగు పట్టుకుని ఉంది. మా బీడు కింద కూడా ఇన్ని ఉన్నాయా అనుకున్నాను.

మునుసామి తడిక తీశాడు. నేను బాతుల్ని చూడకపోలేదు, మా వైపూ కోతలయ్యాక మందలు వస్తాయి. కానీ ఇలా తినడం ఎన్నడూ చూడలేదు. అరుపు లేదు, ఈత లేదు. వరసగా మెడలు దించి, గడ్డి దువ్వినట్టు దువ్వుకుంటూ పోయాయి. కొంగలు వచ్చాయి, గోరింకలు వచ్చాయి. చీర ఎగదోపి నేనూ నీళ్ళలోకి దిగి, ఒక జానెడు జాగా వేళ్ళతో వెతికాను. ఒక్కటి దొరకలేదు. అంత సంతోషం నాకు నా పెళ్ళి నాడు కూడా లేదు, ఇది ఆయనకు కూడా చెప్పాను.

నేను అడిగినవన్నీ మునుసామి ఓపిగ్గా చెప్పాడు. పని అయ్యాక నీళ్ళు వెంటనే వదిలెయ్యాలి, లేకుంటే గడ్డి కుళ్ళుతుంది. బాతులు లేకపోతే కోళ్ళయినా సరే, అయితే నీళ్ళు ఇంకిన వెంటనే వదలాలి. కోళ్ళూ లేకపోతే కుక్కల్ని కట్టేసి పక్కకు తప్పుకుంటే చాలు, పిట్టలే వచ్చి చూసుకుంటాయి. మాకు మోటారుంది, కోళ్ళున్నాయి, పిట్టలకు కొదవే లేదు. అన్నీ కుదిరాయి. ఈ మాట చెబుదామని మా ఆయనకు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. అత్త పెట్టిన ఇడ్లీల పొట్లం ఒళ్ళో పెట్టుకుని దారి పొడవునా చేస్తూనే ఉన్నాను. ఎత్తలేదు.

మా ఊరు

వాకిట్లోకి అడుగు పెట్టక ముందే వాసన తెలిసింది. ఆవులన్నీ కొట్టంలోనే ఉన్నాయి, ఖాళీ గాడి వైపు చూస్తూ. ఆయన బావి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. దూడల వైపు సగం బీడులో ఆ పొద్దున చల్లాడట.

“దూడల కాళ్ళ కింద దాకా వస్తే నేనెట్ట ఊరుకుండేది? సగం నీకు వదిలా,” అన్నాడు.

నేను అరిచాను. ఆవులు కూడా బెదిరాయి. శుక్రవారం దాకానే కదా అన్నది, ఇవాళ శనివారం అని ఆయన. మాట తప్పలేదు, అదే నాకు ఇంకా మంట.

మిగిలిన సగంలో నీళ్ళు పెట్టి పిట్టల్ని పిలుద్దామని మరునాడు గట్టు మీదికి పోయాను. ఆయన చల్లిన సగంలో పురుగులు పైకొచ్చి గిలగిల కొట్టుకుంటున్నాయి. గోరింకలు అప్పుడే వాలాయి. చప్పట్లు కొట్టాను, మట్టిగడ్డలు విసిరాను, పరుగెత్తాను. లేచినట్టే లేచి అవతల వాలుతున్నాయి. మధ్యాహ్నానికి గట్టు కింద గోరింకలు వెల్లకిలా పడున్నాయి. ఒకదాని ముక్కున సగం పురుగు ఇంకా ఉంది. నేను ఏ పిట్టల్ని నమ్ముకుని వచ్చానో ఆ పిట్టల్నే రావద్దని తరమాల్సి వచ్చింది. అక్కడే కూర్చుని ఏడ్చాను. ఆయన దూరం నుంచి చూసి, పలుగు తెచ్చి గుంత తవ్వి వాటిని పూడ్చాడు.

ఇక మిగిలింది కోళ్ళు. వాటిని ఊరికే వదిలితే ఆ సగంలోకి పోతాయి. అందుకని గంపల కింద పెట్టాం. ముందు రోజు మేత వెయ్యలేదు, అది మునుసామి దగ్గర నేర్చుకున్నదే. నా సగంలో చిన్న గట్లు వేసి ఒక్కో మడికి నీళ్ళు పెట్టడం, ఇంకగానే కోళ్ళతో గంప బోర్లించడం, అక్కడ ఖాళీ కాగానే గంప జరపడం. నడుం విరిగింది. నేను గంపలు జరుపుతుంటే ఆయన కర్ర పట్టుకుని తన సగంలో వాలే పిట్టల్ని తోలాడు.

ఆ వారంలోనే ఆవుల్ని నా సగంలోకి వదిలాను. గడ్డి గొప్పగా ఏం లేదు. అక్కడో కుచ్చు, ఇక్కడో కుచ్చు. అయినా నోటికి ఏదో తగిలింది, పాలు సగానికి పడ్డా ఆవులు నిలబడ్డాయి. ఆయన సగం మాత్రం వానకు ఏపుగా లేచింది. పురుగు లేదు, మేసేది లేదు, మోకాలెత్తు పచ్చిక. ఇంకా వారాలు దాని మీద మూతి పెట్టనియ్యకూడదు. మధ్యలో పలుపులు కట్టి, దాని దగ్గర ఆయన రోజంతా ఎండలో కర్రతో నిలబడేవాడు.

ఒక రోజు మజ్జిగ తీసుకుపోయాను. ఎర్రావు పలుపు మీదుగా మెడ సాచి ఆ పచ్చిక వైపు లాగుతోంది. ఆయన దాని మూతిని అరచేత్తో తోస్తున్నాడు. అది ఆ చేతినే నాకుతోంది. ఎప్పుడూ కొట్టే చెయ్యి కాదు ఆయనది.

“ఆకలిగొన్న గొడ్డు ముందర ఇంత గడ్డి పెంచి, తినొద్దని నేనే కాపలా కాస్తుండా,” అన్నాడు, నా వైపు చూడకుండా.

పుదుచ్చేరి నుంచి మోసుకొచ్చిన మాటలన్నీ నా నోటి దాకా వచ్చాయి. మజ్జిగ చెంబు ఆయన చేతికిచ్చి, కర్ర నేను తీసుకున్నాను. ఆయన తాగుతున్నంతసేపూ ఎర్రావు మూతిని నేను తోశాను.